నలభై ఒకటో పేరు

"ఇంకోసారి కొట్టి సూడు మే," అన్నాడు దేవేంద్ర.

పూజిత కొట్టింది. 'నగరి చేనేత చీరలు' అంటే ఊళ్లో ఉన్నవాళ్లవీ లేనివాళ్లవీ అన్నీ వచ్చాయి. 'మునస్వామి మగ్గం' అని నాయన పేరుతో ఉన్న తమ సైటు పేరే అక్షరం పొల్లుపోకుండా కొడితే, ఎక్కడో మునస్వామి అనే పళ్ల డాక్టరు వచ్చాడు. తమది మాత్రం రాలేదు. ఇవాళ్టికి ఆరో రోజు.

"సూసినావా?" అంది.

"సూసినా."

తిరుపతిలో మొదటి బస్సు ఎక్కి వచ్చిన మనిషి చెప్పులు విప్పాడే గానీ ఇంకా కూర్చోలేదు. తిరుచానూరులో గుడి దగ్గర చీరల అంగడి నడిపే అన్న, చెల్లెలు ఫోను చేస్తే "రేపు వస్తా, ఎల్లుండి వస్తా" అంటూ అయిదు రోజులు గడిపాడు. ఆరో రోజు పరుగెత్తుకొచ్చాడంటే అతని గుండెల్లోనూ రాయి పడిందన్నమాట.

పక్క గదిలో మగ్గం ఆడుతోంది. నాయన మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని పొద్దున ఏడింటికి కూర్చుంటే పదకొండుకు గానీ ఆపడు. కొడుకు వచ్చాడని తెలిసినా ఆపలేదు.

ఆరు రోజులుగా ఆ ఇంట్లో వినిపించేది ఆ మగ్గం ఒక్కటే. ఫోను మోగడం లేదు.

ఫోను మోగకపోతే వ్యాపారం దెబ్బతింటుందని దేవేంద్ర బాధ. పూజిత బాధ అది కాదు. అది చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. ముప్ఫై ఆరేళ్ల మనిషి, అమ్మ పోయి రెండేళ్లయింది, నాయన రోజుకు పది మాటలు మాట్లాడితే గొప్ప. తోటివాళ్లు తలా ఒక ఊరికి కాపురాలకు పోయారు. ఇక మిగిలింది సైటు చూసి ఫోను చేసేవాళ్లే. మైసూరు నుంచి ఒకామె అంచు రంగు అడుగుతూ అడుగుతూ కోడలి సంగతి చెప్పేది. మదనపల్లె నుంచి ఒకాయన ప్రతి నెలా చీర చూసి, కొనకుండా, భార్యకు ఏ రంగు నప్పుతుందో అరగంట చర్చించేవాడు. అంగడికి పనికిరాని బేరాలు. కానీ ఆ మాటలతోనే పూజితకు పొద్దు గడిచేది. ఇప్పుడు ఆ గొంతులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి.

ఒక్కటి మాత్రం ఆగలేదు.

సైటుకి రోజూ ఎంతమంది వచ్చారో చూపించే లెక్క ఒకటి ఉంటుంది. ఆరు రోజులుగా అందులో ఉన్నది ఒకే ఒక్క మనిషి. సరిగ్గా పదకొండు దాటాక వస్తాడు, పది నిమిషాలుంటాడు, పోతాడు. ఊరు చెన్నై అని చూపిస్తోంది. ఎవరో, ఏ దారిన వస్తున్నారో లోపలి పేజీ తెరిస్తే తెలుస్తుంది. పూజిత తెరవలేదు. తెలిసిపోతే ఇక ఎదురుచూడటానికి ఏముంటుంది? నిన్న పదకొండు కాబోతుంటే తల దువ్వుకుంది కూడా. కంప్యూటరులోంచి మనిషి చూస్తాడా? చూడడని తనకీ తెలుసు. సిగ్గులేని మనసు!

"మెయిలు ఏమొచ్చింది, సదువు," అన్నాడు దేవేంద్ర.

సెర్చ్ కంపెనీ పంపిన మెయిలును ఆరు రోజుల్లో అరవైసార్లు చదివింది. చూడకుండానే చెప్పింది. "మన సైటుకి వచ్చే లింకులు సహజంగా వచ్చినవి కావంట. మన చేతిలో ఉండేవి మనమే తీసేయాల. వేరేవాళ్లవి వాళ్ల చేత తీయించాల. అట్ల కూడా పోనివుంటే, వీటితో మాకు సంబంధం లేదని పేర్లు రాసి పంపాల. ఒక్కటి మిగిలినా మళ్లీ సూపించరు."

లింకంటే బ్రహ్మవిద్యేం కాదు. ఎవరో తమ పేజీలో మన గురించి ఒక మంచిమాట రాసి, అక్కడ నొక్కితే మన వాకిట్లోకి వచ్చేట్టు దారి పెట్టడం. అలా దారి చూపించేవాళ్లు ఎక్కువైతే సెర్చ్‌లో పైకి వస్తాం. పూజిత నాలుగేళ్లలో అలాంటివి పదకొండు సంపాదించింది. చేనేత చీరకీ మరమగ్గం చీరకీ తేడా ఎలా పట్టుకోవాలో, అంచున సూదిమొన చిల్లులు ఎందుకుంటాయో ఫొటోలు తీసి రాసింది. చిత్తూరులో నేతపాఠాలు చెప్పే ఎస్తేరు టీచర్ అది చదివి, బస్సెక్కి వచ్చి, ఒక పూటంతా అమ్మ పక్కన కూర్చుని పోయి తన పేజీలో రాసింది. మొదటి లింకు అదే. మిగతావాళ్లకు పూజితే ఒక్కొక్కరికీ ఉత్తరం రాసింది. చాలామంది జవాబివ్వలేదు. ఇచ్చినవాళ్లు ఇష్టమై ఇచ్చారు.

"నువ్వు నాలుగేండ్లలో పదకొండు తెచ్చినావు," అన్నాడు దేవేంద్ర, నేరం తన మీద పడకముందే. "నేను దుడ్లిచ్చి పెట్టుకున్న రఘునాథ్ ఒక్క వారంలో నలభై పెట్టినాడు. మొదటి పేజీలో వచ్చినామా లేదా పోయిన నెల?"

"వచ్చినాం. ఈ నెల యాడుండాం?"

అతను విప్పిన చెప్పులను కాలితో పక్కకు జరిపాడు.

"అది సరే అన్నా, ఎవురివి ఆ నలభై? నీకు నలభై సైట్లోళ్లు యాడ తెలుసు? అది మాత్రం ఇంతవరకూ సెప్పలేదు నువ్వు."

దేవేంద్ర క్యాలెండరు వైపు చూశాడు. అందులో జవాబేమీ లేదు. జవాబు వీధిలోంచి వచ్చింది, గేటు చప్పుడుతో సహా.

"ఏమ్మే పూజితా, మీ అన్న వచ్చినాడంటనే, యాడుండాడు?"

చంద్రకాంతమ్మ. నాయన చెల్లెలు, రెండు వీధుల అవతల ఉంటుంది. రాగానే చేతిలో ఫోను పూజిత ముందుకు చాచింది.

"నా కండ్లజోడు తేలేదు. నువ్వే సదువు. మీ అన్నకి ఇనపడేట్టు సదువు."

పూజిత చదివింది. "నా పేరు చంద్రకాంతమ్మ. నేను నలభై సంవత్సరాలుగా మునస్వామి మగ్గం చీరలు మాత్రమే ధరిస్తున్నాను. మరమగ్గం చీరను చేత్తో కూడా ముట్టను. అవి మోసం." కింద నీలిరంగు అక్షరాల్లో లింకు, తమ సైటుకే.

"నేను ఎప్పుడు సెప్పినా ఈ మాట?" అంది చంద్రకాంతమ్మ. "ధరిస్తున్నానంట! నా జన్మలో ఆ మాట అనిండానా? సరే, అది పోనీ. నా కొడుకుది ఏం పని?"

దేవేంద్ర వైపు తిరిగింది.

"సెప్పరా దేవేంద్రా, ఏం పని?"

"మరమగ్గాలు, అత్తా."

"రెండు మరమగ్గాలు పెట్టుకోని బతుకుతాండాడు. పుత్తూరు నుంచి సరుకు తీసుకునే ఆయన ఫోను సేసి, 'ఏమప్పా, మీ అమ్మే మీ సీరలు మోసమని రాసిండాదే' అన్నాడంట. వాడు నిన్న అన్నం తినలేదు. నా పేరు మీకు ఎవురిచ్చినారు?"

పూజిత అన్న వైపు తిరిగింది. అప్పటికి ఆమెకు సగం అర్థమైంది. మిగతా సగం అతను చెప్పాడు, గోడకు చెబుతున్నట్టు.

"నా పెండ్లి పత్రికలోంచి తీసిచ్చినా."

"ఏందీ?"

"పేర్లు కావాలన్నాడు రఘునాథ్. నిజం మనుషుల పేర్లయితే నమ్ముతారన్నాడు. పేరుకొక సైటు, అన్నిట్లోంచీ మనకి లింకు. పత్రికలో బంధువుల పేర్లు కింద నలభై ఉండాయి. ఎత్తిచ్చినా. మనవాళ్లే కదా అనుకున్నా."

చంద్రకాంతమ్మ అప్పుడు కూర్చుంది.

"ఆ పత్రికలో నా పేరు ఏసేదానికి," అంది, గొంతు తగ్గించి, "మీ అమ్మ ఇంటికొచ్చి తాంబూలం పెట్టింది రా. 'అమ్మణ్ణీ, నీ పేరు ఏసుకుంటా' అని అడిగింది. సొంత ఆడబిడ్డని, ఏసుకుంటే కాదంటానా? అయినా అడిగింది. నలభై ఇండ్లకీ తిరిగి అడిగింది ఆ యమ్మ, కాళ్లు వాసిపోయినాయి. నువ్వు ఆ పత్రికే తీసుకోని, ఒక్క గడపా తొక్కకుండా, నలభైమంది నోట్లో నీ మాట పెట్టినావు."

పక్క గదిలో మగ్గం ఒక్క క్షణం తడబడి, మళ్లీ అందుకుంది.

"ఇంటి కోసమే సేసినా అత్తా! నేనొక్కడినే తిన్నానా?"

"ఇంటి కోసం సేసేవాడివి ఇంట్లో ఉండేదాన్ని అడిగినావా?" అంది పూజిత.

"నిన్ను అడిగితే ఏం సెప్తావు? ఉత్తరాలు రాస్తా అంటావు. ఊరూపేరూ లేనోళ్లతో ఫోన్లో గంటలు గంటలు ముచ్చట్లు పెడతావు. అది యాపారమా? నీకు పొద్దుపోక..."

అక్కడ ఆపాడు. ఆపినా చెప్పాల్సింది చెప్పేశాడు. పూజిత ముఖం చూసి అత్త కూడా తల తిప్పుకుంది. నీకెవరూ లేరు కాబట్టి అలా చేస్తున్నావని అన్న నోటితోనే వినడం ఒకటి, దానికి ఎదురు చెప్పలేకపోవడం ఇంకొకటి. రెండోదే ఎక్కువ బాధించింది.



"నలభై ఇండ్లకీ పో," అంది చివరికి చంద్రకాంతమ్మ. "తాంబూలం పెట్టి, తప్పయిందని సెప్పు. మొదటిది నా ఇంటికే రా. ఇప్పుడు కాదు, నా కొడుకు ఉన్నప్పుడు. వాడికి సెప్పు."

దేవేంద్ర చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. పోట్లాడతాడేమో అనుకుంది పూజిత. "తమలపాకులు యాడ దొరుకుతాయి ఈ టయానికి?" అని మాత్రం అడిగి, జవాబు వినకుండా బయటికి పోయాడు.

అత్త కూడా లేచింది. గుమ్మంలో ఆగి, "మొగం ఏంది మే అట్ల అయిపోయిండాది? తింటాండావా లేదా?" అంది. పూజిత తలూపింది. అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

ఇల్లు మళ్లీ ఖాళీ అయింది. గోడ గడియారంలో పదిన్నర.

పూజిత రఘునాథ్‌కి ఫోను చేసింది. ఎత్తడనుకుంటే ఎత్తాడు. దబాయిస్తాడనుకుంటే దబాయించలేదు.

"మేడం, మీదొక్కటే కాదు, ఇంకా మూడు పార్టీలవి ఇట్లనే పోయినాయి. నాకూ తలకాయ తిరగతా ఉంది. మీవి ఇప్పుడే తీసేస్తాను. నలభై సైట్లూ ఒకే ఖాతాలో ఉండాయి, అయిదు నిమిషాల పని."

"నలభై ఒకటి," అంది పూజిత. మెయిలుతో వచ్చిన జాబితా ఆమె ముందే ఉంది, అన్నీ ఎవరివో తెలియని అంకెల అడ్రసులు. వేలు పెట్టి రెండుసార్లు లెక్కపెట్టింది.

"నలభైయే మేడం."

"నా ముందర ఉండాది. నలభై ఒకటి."

"ఓ, అదా," అన్నాడు. "అది నాది కాదు మేడం. మీ నాయనగారు వేరేగా పెట్టించుకున్నారు. ఆయన నెంబరు మీదనే ఉంది. నేను లోపలికి పోలేను. పోవాలంటే ఓటీపీ ఆయన ఫోనుకే వస్తుంది."

"మా నాయనా?"

"అవును మేడం. దేవేంద్ర గారు పేర్లు ఇచ్చిన మర్నాడు ఆయనే ఫోను చేసినారు. చానాసేపు చెప్పినారు, నేను రాసుకున్నా. ఒక్క మాట మార్చొద్దన్నారు. మార్చలేదు."

పూజిత ఫోను పెట్టేసి కూర్చుంది. రోజుకు పది మాటలు మాట్లాడే మనిషి, ముక్కూమొహం తెలియనివాడితో చాలాసేపు మాట్లాడాడట. నమ్మబుద్ధి కాలేదు.

పదకొండు కొట్టింది. మగ్గం ఆగింది.

రోజూ పదకొండుకు మగ్గం ఆగుతుంది. అమ్మ ఉన్న రోజుల్లో ఆ వేళకు మజ్జిగ తీసుకుపోయేది. అమ్మ పోయాక మజ్జిగ పూజిత ముందే పెట్టి వస్తోంది, ఆ పది నిమిషాల విరామం మాత్రం అలాగే ఉంది. విని విని అలవాటైన నిశ్శబ్దం. దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు.

కంప్యూటరులో లెక్క సున్నా నుంచి ఒకటి అయింది.

పూజిత ఆ ఒకటి వైపు చూసింది. పక్క గది గుమ్మం వైపు చూసింది. మళ్లీ ఒకటి వైపు చూసింది. ఈ ప్రాంతపు సెల్‌ఫోన్లు చాలావరకు చెన్నై అనే చూపిస్తాయని ఆమెకు ఎప్పటినుంచో తెలుసు. తెలిసీ గుర్తు చేసుకోలేదు.

ఆరు రోజులుగా తెరవని లోపలి పేజీ తెరిచింది. వచ్చిన దారి: జాబితాలో నలభై ఒకటోది. నొక్కింది.

రంగులూ బొమ్మలూ లేవు. తెల్లటి పేజీ మీద నల్లటి అక్షరాలు.

"నా పేరు గంగులమ్మ. నేను సచ్చిపోయి రెండేండ్లు. అంచు నేసేటప్పుడు పోగు తెగితే మా ఆయనకి కోపం వస్తాది, నేనే అతికేదాన్ని. పదకొండుకి మజ్జిగ ఇస్తే సగం తాగి సగం నాకు పెట్టేవాడు. ఉప్పు తక్కువని ఒక్కనాడూ అనలేదు, తక్కువే ఉండేది. సీరలు బాగుంటాయి. నేను సెప్పకూడదు గానీ బాగుంటాయి. మా కూతురు పూజిత ఇంట్లో ఒక్కతే ఉండాది. దాంతో మాట్లాడేదానికి ఎవురూ లేరు. వాళ్ల నాయనకి మాట్లాడేది సేతకాదు. సీర కొనకపోయినా పరవాలేదు. పోయి ఒక్క మాట మాట్లాడండి. మా ఇంటికి దారి ఇది."

కింద లింకు.

పూజితకు వెంటనే ఏడుపు రాలేదు. ఏడుపు రావడానికి కూడా కొంచెం తెరిపి కావాలి. అక్షరాలన్నీ అలుక్కుపోయాక గానీ కళ్లు తుడుచుకోవాలని తోచలేదు. తనకు తోడు కోసం నాయన వేసిన దారి, తనకున్న నాలుగు గొంతులనూ ఆపేసిన నలభై ఒక్క దారుల్లో ఒకటైంది. ఎవరి మీద కోప్పడాలి?

లేచి పక్క గదిలోకి పోయింది. నాయన గుంట అంచున కూర్చుని ఫోనును రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. కళ్లజోడు ముక్కు కొసకు జారింది. పక్కన మజ్జిగ గ్లాసు, సగం తాగింది.

"నాయనా."

ఆయన ఫోను దాచబోయి, ఎక్కడ దాచాలో తెలియక, అలాగే పట్టుకున్నాడు.

"సదివినావా?" అన్నాడు.

"సదివినా."

"దేవేంద్ర నా ముందరే పత్రిక సూసి ఆ రఘునాథ్‌కి బంధువుల పేర్లే సెప్పినాడు. ఆమె పేరు పైన ఉంటాది కదా, పిలిచేవాళ్లలో. ఆ నలభైలో ల్యాకపాయె. అంతమంది సెప్తాంటే, ఆమె సెప్పకుండా ఎట్ల?" అన్నాడు.

పూజిత నేల మీద కూర్చుంది. ఆయన పాదాలు గుంటలోనే ఉన్నాయి.

"ఆ లింకు తీసేయాల నాయనా. అదొక్కటి ఉన్నా మన సైటు రాదు. అది మన నెంబరు మీదనే ఉండాది, కాబట్టి మనమే తీయాల."

ఆయన తల వంచుకున్నాడు.

"పేజీ ఏమీ కాదు," అంది తొందరగా. "అమ్మ పేజీ అట్లనే ఉంటాది. నువ్వు ఎప్పుడైనా సదువుకోవచ్చు. కింద దారి ఒక్కటే తీసేస్తా."

"దారి తీసేస్తే," అన్నాడు మునస్వామి, "ఆమె ఆడ, మనం ఈడ."

"ఆ మాటలు మన సైట్లోనే పెడతా. మొదటి పేజీలో, అమ్మ ఫొటోతో."

"మన దాంట్లో పెడితే మనం సెప్పినట్టుంటాది మా. ఆడ ఉంటే ఆమె సెప్పినట్టుండాది." ఫోను మీద బొటనవేలితో తుడిచాడు. "దినామూ సదువుతా. ఆకర్న నొక్కుతా. మన ఇంట్లోకి వస్తాది. నీ ఫొటో ఉంటాది, సీరల రంగులు సూపిస్తాంటావు. ఆమె పంపించినట్టు ఉంటాది నాకు. అది లేకపోతే నేను యాడినుంచి రావాల?"

పది అడుగుల దూరంలోనే కదా ఉన్నాను, గుమ్మం దాటి రావచ్చు కదా అనాలనుకుంది పూజిత. అనలేకపోయింది. తను మాత్రం ఏ రోజు ఈ గుమ్మం దాటి వచ్చి కూర్చుంది? మజ్జిగ గ్లాసు పెట్టి పోవడమే గానీ. ఆరు రోజులుగా చెన్నైలో ఉన్న మనిషి కోసం తల దువ్వుకుంటూ కూర్చుంది.

"నాకు ఫోన్లు రాకుండా అయిపోయినాయి నాయనా," అంది. ఇంక వేరే మాట దొరకలేదు. "ఒక్కటీ రావడంల్యా."

ఆయన ఆమెను చూశాడు. చాలా రోజుల తర్వాత సూటిగా చూశాడు.

"నొక్కు," అన్నాడు. "నెంబరు నాకే వస్తాదంట కదా. సెప్తా."

పూజిత తన ఫోనులో ఆ పేజీ ఖాతా తెరిచి ఆయన నెంబరు కొట్టింది. ఆయన చేతిలో ఫోను చిన్నగా అదిరింది. ఈమె ఫోనులో ఆరు ఖాళీ గళ్లు, పైన తరిగిపోతున్న నిమిషాలు.

మునస్వామి కళ్లజోడు సర్దుకున్నాడు. పోగులు లెక్కపెట్టే మనిషి, అంకెలు తప్పు చదవడు.

"ఏడు," అన్నాడు. "సున్నా. మూడు."

పూజిత కొట్టింది.

"మూడు. తొమ్మిది."

ఒక్క గడి మిగిలింది. పూజిత వేలు ఆగి ఎదురు చూసింది. వీధిలో ఎవరి ఇంటి ముందో దేవేంద్ర గొంతు వినిపిస్తోంది, ఎవరినో పిన్నమ్మా అని పిలుస్తూ.

"నాయనా, ఇంకొకటి?"

మునస్వామి ఫోనును బోర్లించి మోకాలి మీద పెట్టుకున్నాడు. గ్లాసు చేతిలోకి తీసుకుని, మిగిలిన సగం మజ్జిగ కూతురి ముందుకు జరిపాడు.

"ముందు తాగు," అన్నాడు.